కృత్రిమ గర్భధారణ: చూలు నిలవాలంటే ఎద వేళే ముఖ్యం

భారతదేశంలో తొలి కృత్రిమ గర్భధారణ 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో జరిగింది. నేడు కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయ ప్రధాన కేంద్రం బీదర్‌లోనే ఉన్నది. అయినా సరిహద్దు పల్లెలలో పశువు మళ్ళీ మళ్ళీ పొర్లుతున్నదన్న మాట తరచుగా వినవస్తుంది. ఒక ఎద వృథా అయితే తదుపరి ఎదకు సుమారు 21 రోజులు వేచి ఉండాలి. అన్నాళ్ళ మేత ఖర్చు రైతుపైనే పడుతుంది. ఈత, పాలు వెనుకబడతాయి.

ఎదను గుర్తించుట: ఆవు అరుస్తుంది, మేత తగ్గిస్తుంది, మాటిమాటికి మూత్రం పోస్తుంది. మానం నుండి గాజువలె తేటగా తీగలు వేలాడుతాయి. ఇతర పశువులు తనపైకి ఎక్కినప్పుడు కదలక నిలబడుటయే నిశ్చయమైన గుర్తు. దేవణి వంటి దేశవాళీ ఆవులలో ఈ లక్షణాలు సంకర జాతి ఆవులలో కంటె తక్కువగా కనబడతాయి. గేదెలలో మూగ ఎద ఎక్కువ. అది తరచుగా రాత్రివేళ వస్తుంది. కావున వేకువజామున, రాత్రి పడుకునే ముందు కొట్టంలో పరిశీలించాలి.

సరైన వేళ: ఎద ముగిసిన 10 నుండి 12 గంటలకు అండం విడుదలవుతుంది. అందుచేత ఉదయం ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాటి ఉదయం వీర్యదానం చేయించాలి. మరునాడు కూడా ఎద కొనసాగితే రెండవసారి చేయించుట మంచిది. మానం వద్ద రక్తపు చారలు కనబడితే ఆ వేళ దాటిపోయినట్లే. ఆ తేదీ వ్రాసుకొని, సుమారు 19 రోజుల తరువాత మళ్ళీ గమనించాలి.

జాగ్రత్తలు: వీర్యనాళికలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. వాడే ముందు 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచాలి. పశువును దూరం నడిపించి, అలసిన వెంటనే చేయించరాదు. వేసవిలో నీడ, చల్లని నీరు తప్పనిసరి. తీగలు చీముతోనో, తెల్లగానో ఉంటే ముందుగా చికిత్స చేయించాలి. ఈనిన తరువాత గర్భకోశానికి సుమారు 60 రోజుల విశ్రాంతి అవసరం. రోజుకు సుమారు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపాలి.

తరువాత చేయవలసినది: తేదీ, గంట, నాళికపై ఉన్న ఆబోతు సంఖ్య వ్రాసి ఉంచాలి. ఆ ఆబోతుకు పుట్టిన పెయ్యకు దాని వీర్యమే వేయించకుండా ఈ సంఖ్య తోడ్పడుతుంది. పశువు 18 నుండి 24 రోజుల మధ్య మళ్ళీ ఎదకు వస్తే చూలు నిలవనట్లే. రానంత మాత్రాన చూలు కట్టిందని భావించరాదు; రెండు, మూడు నెలలకు పశువైద్యునిచే చూడి పరీక్ష చేయించాలి. మూడుసార్లు వేయించినా నిలవకపోతే నాలుగవసారి వేయించక ముందే కారణం తెలుసుకొని చికిత్స చేయించాలి.