పాకాల మీది గగనమార్గము

పాకాలలో దూరమడిగినవారికి బండివేళ చెప్పు అలవాటు పాతది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దమున ధర్మవరమునకు పోవు మీటరుగేజి మార్గము కాట్పాడి–తిరుపతి మార్గముతో ఇచ్చట కలిసినది మొదలు ఈ ఊరు కూడలియై పెరిగెను. పీలేరు, ములకలచెరువు, కదిరిల మీదుగా సాగు ఆ మార్గము 227 కిలోమీటర్లు. పటముమీద సూటిగా గీత గీసినచో సుమారు 185 మాత్రమే. తక్కిన నలుబదియు కొండలను తప్పించుకొనుచు, ఊళ్ళను వెదకికొనుచు పోయిన వంకరలకు చెల్లినవి.

ఆ వంకరల పనిలేని ప్రయాణమును ఈ సీమ ఆకాశము 1932లోనే చూచెను. ఆ యేడు అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి స్వయముగా విమానమున తెచ్చిన తపాలాను, నెవిల్ విన్సెంటు అనునాతడు అందుకొని బళ్ళారిమీదుగా చెన్నపట్నమునకు చేర్చెను. దారిలో ఏ కొండకొమ్మును ఆనవాలు పట్టెనో గాని, బళ్ళారినుండి చెన్నపట్నమునకు గీసిన సరళరేఖ పాకాలకు ఉత్తరముగా ముప్పది కిలోమీటర్ల లోపుననే, భాకరాపేట చేరువగా పోవును. ఆ 430 కిలోమీటర్లను దాటుటకు, ఒంటి ఇంజనుగల పస్ మాత్ విమానమునకు రెండున్నర గంటలకు తక్కువ పట్టియుండదు.

నేటి మాటకు వచ్చినచో, తిరుపతి చెంతనున్న రేణిగుంట, హైదరాబాదు చెంతనున్న శంషాబాదు విమానాశ్రయముల నడుమ, భూగోళముపై అత్యల్పమైన చాపమును కొలిచినచో, దూరము సుమారు 420. అనగా విన్సెంటు ఆ తుదిమజిలీతో దాదాపు సమానమే. గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్టు అరగంటలో ముగింపదగిన ఈ దూరమునకు టిక్కెట్టుమీద గంట పైచిలుకు వ్రాసియుండుట చూచి విమానమువారు కాలహరణము చేయుచున్నారని తలచుట సరికాదు. నిలిచిన చోటు విడిచినది మొదలు మరల నిలుచువరకును గల కాలమంతయు అందు చేరును. నేలమీద రన్వేదాక ప్రాకుట, మేఘములపైకి ఎక్కుట, గాలికెదురుగా దిగుటకై చుట్టు తిరుగుట అను వీనిని, దూరమెంత తక్కువైనను, తగ్గించుటకు వీలుండదు.

పాకాలవారి లెక్క ఇంకను వేరు. తిరుపతికి రైలుమీద 42 కిలోమీటర్లు, ఆపైన రేణిగుంట, అచ్చట ముందుగా చేరి కూర్చుండుట, శంషాబాదునుండి మరల నగరప్రవేశము. ఇవి కలిపినచో ఆ గంట కాస్తయు సగము పగలగును. రేణిగుంటలో 2015 అక్టోబరు 22న ప్రారంభమైన నూతన టెర్మినలు చూడ ముచ్చటగానే యున్నది గాని, సాయంకాలము వేంకటాద్రి ఎక్స్‌ప్రెస్సులో ఎక్కి, పులిహోర పొట్లము విప్పి, ఉదయమున కాచిగూడలో దిగువాని యెడ నాకు పక్షపాతము కలదని ఒప్పుకొందును.

ఇక రేణిగుంటనుండి బెంగళూరు విమానాశ్రయమున్న దేవనహళ్ళి ఆకాశమున 200, చెన్నపట్నము నూరు కిలోమీటర్ల పాటి; పాకాలనుండియే కొలిచినచో వరుసగా 155, 125. కావున విదేశములకు పోవువారిలో పలువురు ఆ రెండింటిలో నొకచోటికి కారులోనే పోయి విమానమెక్కుదురు.