ఓడినవాళ్లకు దొరికిన కుర్చీలు

భోపాల్‌పట్నం పక్కనుంచి పారే ఇంద్రావతి భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్లు భద్రాచలం, రాజమండ్రి దాటి సముద్రం చేరే చోట కోరంగి అనే పాత రేవు ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఆ రేవులో ఓడెక్కిన మనవాళ్లు మారిషస్ చెరకు తోటల్లో కూలికి వెళ్లారు. రేవు పేరే వాళ్ల పేరై, అక్కడ 'కొరింగీలు' అయ్యారు. ఇవాళ ఆ దీవిలో ఉగాది దేశమంతటికీ సెలవు.

మా భోపాల్‌పట్నం సంతలో తెలుగు, గోండి, హిందీ కలిసే వినబడతాయి. ఎన్నికల నాడు ఈ భాషలవాళ్లమందరం కలిసి బీజాపూర్ స్థానం నుంచి ఒక్కరిని ఎన్నుకుంటాం. ఛత్తీస్‌గఢ్ శాసనసభలోని 90 మందిలో ఆయన ఒకరు. ఓడినవాళ్లు జెండాలు చుట్టి ఇంటికి పోతారు. మారిషస్‌లో మాత్రం ఓడినవాళ్లలో కొందరిని పేరు పెట్టి పిలిచి మరీ సభలో కూర్చోబెడతారు. ఈ వింత ఏర్పాటు ఒక్కరోజులో పుట్టలేదు. దాని వెనక ఎనభై ఏళ్ల పెనుగులాట ఉంది.

బ్రిటిష్ పాలనలో ఆ దీవి సభకు మొదటిసారి ఓట్లు పడింది 1886లో. సభలో 27 మంది ఉంటే ఎన్నికైనవాళ్లు పదిమందే. ఆస్తిపాస్తులున్న రమారమి నాలుగు వేల మందికే ఓటు. చెరకు నరికేవాళ్లకు ఆ సభ ఎక్కడుందో కూడా తెలియదు. భారత సంతతివాళ్లు ఎన్నికల్లో గెలిచి సభలో అడుగుపెట్టడానికి 1926 దాకా పట్టింది.

1947లో కొత్త రాజ్యాంగం వచ్చి తలుపు కాస్త తెరిచింది. దీవిలో మాట్లాడే భాషల్లో ఏదో ఒకదానిలో కాస్త చదవడం, రాయడం వస్తే చాలు, ఓటు ఇస్తామన్నారు. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం ఒకటుంది. బాసుదేవ్ బిసూన్‌దయాళ్ అనే ఆయన, ఆయన వెంట నడిచిన స్వచ్ఛంద కార్యకర్తలు, ఊరూరా పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించారు. పగలంతా కత్తి పట్టిన చేతులు చీకటి పడ్డాక బలపం పట్టాయి. 1948 ఎన్నికల నాటికి పన్నెండు వేలకు లోపున్న ఓటర్ల సంఖ్య డెబ్బై వేలు దాటింది. 1959లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. నలభై స్థానాలు, ఒక్కో స్థానానికి ఒక్కరు.

అసలు చిక్కుముడి అప్పుడే బిగుసుకుంది. దీవిలో హిందువులు ఎక్కువ. ముస్లింలు, చైనా మూలాలవాళ్లు, ఆఫ్రికా, ఐరోపా మూలాల క్రియోల్, ఫ్రెంచి కుటుంబాలు తక్కువ. అందరికీ ఓటుంటే లెక్క ఎటు మొగ్గుతుందో చిన్న సమూహాలకు కనబడుతూనే ఉంది. స్వాతంత్ర్యం వస్తే తమ గొంతు సభలో వినబడుతుందా అని వాళ్ల భయం. ఆ భయాన్ని ఉత్తదని తోసెయ్యడం సులువు. తోసెయ్యకుండా దానికి మందు వెతకడమే ఈ కథలో గొప్పదనం.

మొదటి మందు ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు పంచడం. 1950ల మధ్యలో బ్రిటిష్‌వాళ్లు ముందుకు తెచ్చిన ఈ ఆలోచనకు శివసాగర్ రాంగులాం నాయకత్వంలోని లేబర్ పార్టీ ఒప్పుకోలేదు. ఓటర్లు ఎవరి కులగోత్రాల గూటికి వాళ్లు చేరిపోతారని ఆ పార్టీ వాదన. రెండో మందు ఎవరి ఓటర్ల జాబితా వాళ్లకు వేరుగా పెట్టడం. మత ప్రాతిపదికన ఓటర్లను విడదీసినందుకు భారతదేశం చెల్లించిన మూల్యం అప్పటికి అందరి కళ్ల ముందూ ఉంది. 1965 సెప్టెంబరులో లండన్‌లో రాజ్యాంగ సమావేశం జరిగింది. స్వాతంత్ర్యం దాకా మాట నడిచింది కానీ ఎన్నికల పద్ధతి దగ్గర ఆగిపోయింది.

అప్పుడు సర్ హెరాల్డ్ బాన్‌వెల్ అధ్యక్షుడిగా ఒక సంఘాన్ని పంపారు. 1966లో ఆ సంఘం ఒక తెలివైన మాట చెప్పింది: నలభై చిన్న స్థానాలు వద్దు, ఇరవై పెద్ద స్థానాలు చాలు, ఒక్కోదాని నుంచి ముగ్గురు. ఓటరు ముగ్గురికీ ఓటు వెయ్యాలి. అలాగైతే ప్రతి పార్టీ తన ముగ్గురినీ ఒకే సమూహం నుంచి నిలబెట్టే ముందు రెండుసార్లు ఆలోచిస్తుంది. రోడ్రిగ్స్ అనే చిన్న దీవికి ఇద్దరు సభ్యులు. అన్నీ కలిపితే 62 స్థానాలు తేలాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత, లోటు పూడ్చడానికి బాన్‌వెల్ సంఘం వేసిన అదనపు సీట్ల లెక్క మాత్రం చాలా మెలికలు తిరిగింది. అది ప్రతిపక్షానికే మేలు చేస్తుందని లేబర్ పార్టీ భగ్గుమంది. మళ్లీ మొదటికి వచ్చినట్టే అనుకుంటుండగా బ్రిటన్ ఉపమంత్రి జాన్ స్టోన్‌హౌస్ స్వయంగా దీవికి వచ్చి అన్ని పక్షాలతోనూ మాట్లాడాడు. లెక్కను బాగా కుదించి ఎనిమిది కుర్చీలకు ఒప్పించాడు. వాటికి బెస్ట్ లూజర్ సీట్లని పేరు, అంటే ఓడినవాళ్లలో మేటివాళ్లవి.

లెక్క ఇలా నడుస్తుంది. ఒక సమూహం జనాభాను, సభలో దానికి దక్కిన సీట్లకు ఒకటి కలిపి, ఆ సంఖ్యతో భాగిస్తారు. ఎవరి భాగఫలం పెద్దదైతే లోటు వాళ్లదే. ఆ సమూహంలో, పార్టీల తరఫున నిలబడి ఓడిన అభ్యర్థుల్లో ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నవారికి కుర్చీ. ఏ పార్టీ అన్నది చూడకుండా మొదటి నాలుగు ఇలా ఇస్తారు. తర్వాతి నాలుగు కుర్చీలు, మొదటి నాలుగింటి వల్ల పార్టీల బలాబలాలు తారుమారు కాకుండా సరిచెయ్యడానికి.

1967 ఆగస్టు 7న ఈ ఏర్పాటుకు మొదటి పరీక్ష. స్వాతంత్ర్యం కావాలన్న కూటమికి 39, వద్దన్న పార్టీకి 23. ఎనిమిది కుర్చీలూ పంచాక 43, 27. తేడా ముందూ పదహారే, తర్వాతా పదహారే. గెలుపు చెక్కు చెదరలేదు, లోటూ పూడింది. 1968 మార్చి 12న జెండా ఎగిరింది. 1982లో ఒకే కూటమి ప్రధాన దీవిలోని 60 స్థానాలనూ ఊడ్చేసినప్పుడు, ఓడిన పార్టీల గొంతు సభలో వినబడింది ఈ కుర్చీల నుంచే.

ఈ లెక్కలో మన కొరింగీలెక్కడ? జనగణనలో తెలుగుకు చోటుంది కానీ రాజ్యాంగం సమూహాల్ని నాలుగే గుర్తించింది: హిందువులు, ముస్లింలు, చైనా మూలాలవాళ్లు, మిగతా జనాభా. తెలుగువాళ్లు హిందువుల్లో కలిసిపోయారు. పైగా 1980ల నుంచి జనగణనలో సమూహం అడగడం మానేశారు కనుక, లెక్క కట్టేవాళ్లు ఇప్పటికీ 1972 అంకెలనే తిరగేస్తున్నారు. నామినేషన్ పత్రంలో సమూహం రాయనందుకు పోటీకి నోచుకోని కొందరు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012లో కమిటీ వాళ్ల పక్షాన నిలిచింది. 2014 ఎన్నికలకు మాత్రం, ఆ ఒక్కసారికి, రాయకపోయినా పోటీ చెయ్యనిచ్చారు.

రోడ్రిగ్స్‌కు 2002లో సొంత ప్రాంతీయ సభ వచ్చింది. ఆరు ప్రాంతాల నుంచి ఇద్దరేసి, మరికొందరు పార్టీల ఓట్ల నిష్పత్తిని బట్టి. 1950లలో లేబర్ పార్టీ కాదన్న ఆ పంపకం, అర్ధ శతాబ్దం తర్వాత ఆ చిన్న దీవిలో అమల్లోకి వచ్చింది.