తొమ్మిది కమానుల వంతెన

సింహళద్వీపపు నడుమనున్న కొండలలో, ఊవా సీమయందు, ఎల్ల, దెమోదర అను రెండు చిన్న రైలుస్టేషనుల మధ్య ఒక లోయను దాటుచు తొమ్మిది కమానుల వంతెన కలదు. సింహళులు దీనిని ‘అహస్ నమయే పాలమ’ యందురు. తొమ్మిది ఆకాశముల వంతెన యని భావము. క్రింద నిలిచి తలయెత్తిన వానికి ఒక్కొక్క కమాను సందున ఒక్కొక్క ఆకాశపు తునక కనబడును. ఎల్ల నుండి తేయాకు తోటల మధ్యగా పోవు కాలిబాటను నడిచి మేము దీనిని చూడబోయితిమి. ఆ దినమున మంచు లోయను కప్పియుండినందున మొదట మాకు కమానుల శిరస్సులు మాత్రమే తోచినవి. ఎండ ముదిరిన కొలది స్తంభములు, వాని పాదములచెంత అరటిచెట్లు, తేయాకు పొదలు బయటపడినవి.

వంతెన పొడవు 300 అడుగులు, వెడల్పు 25 అడుగులు, ఎత్తు 80 అడుగులు. ఇంతకంటె పొడవును, ఎత్తును గల వంతెనలు లోకమున పెక్కు గలవు. దీని సొగసు దాని వంపులో నున్నది. సర్వసాధారణముగా వంతెన లోయను తిన్నగా దాటును. ఇది కొండచరియ వంకను బట్టి తానును వంగి దాటును. ఒక కొనను సొరంగము. కట్టడమున ఇనుప దూలము లేదు. అంతయు రాయి, ఇటుక, సిమెంటు. కమాను స్వభావమే యట్టిది. పైబరువును అది ప్రక్కలకు త్రోసి స్తంభములకు, స్తంభములు నేలకు అప్పగించును. ఒత్తుడును రాయి బాగుగా సహించును; లాగుడునకు మాత్రము అది తాళజాలదు. కమానులో ఒత్తుడే గాని లాగుడు లేకుండ చూచుటయందే దానిని కట్టువాని నేర్పంతయు నున్నది.

ఈ కొండలకు రైలు వచ్చుటకు కారణము వర్తకము. 1815లో ఆంగ్లేయులు క్యాండీ రాజ్యమును కైవసము చేసికొనిరి. (1739 మొదలు ఆ సింహాసనము నేలినవారు మధుర నాయకుల బంధువర్గమువారగుటయు, కడపటి రాజగు శ్రీవిక్రమరాజసింహుడు మన రాయవేలూరు కోటలో బందీగా నుండి 1832లో మరణించుటయు మనవారు మరువదగని సంగతులు.) పిమ్మట అడవులు కొట్టించి కాఫీ తోటలు వేసిరి; ఆ కాఫీని రేవునకు దింపుటకై 1867 నాటికి కొలంబో నుండి క్యాండీకి రైలు వేసిరి. రెండేండ్లకే, అనగా 1869లో, కాఫీ ఆకులకు త్రుప్పు తెగులు సోకి తోటలు నాశనమయ్యెను. లూలకందర తోటలో జేమ్స్ టెయిలరు 1867లో 19 ఎకరముల యందు నాటిన తేయాకు అప్పుడు దిక్కయ్యెను. తేయాకు వెంట రైలు పైకి ప్రాకినది. 1885లో నాను ఓయకు, 1894లో బండారవేలకు చేరినది. అచ్చటినుండి బదుళ్లకు చేరుటకు మాత్రము మఱి ముప్పది యేండ్లు పట్టి 1924 వచ్చినది. ఆ కడపటి భాగములోనిదే యీ వంతెన, 1921లో పూర్తియైనది.

వంతెనను కట్టినదెవరు? ఆ సీమవారిని అడిగిన అప్పుహామి యను సింహళుని పేరు చెప్పుదురు. అతడు భూతనృత్యములకు డోలు వాయించువాడట. యూరపు యుద్ధమునకై ఉక్కు తరలిపోగా పని నిలిచిపోయెననియు, అప్పుడతడు దొరలను మెప్పించి దేశీయ వస్తువులతో దీనిని ముగించెననియు, తొలి రైలు దాటునపుడు దొరల సందేహము తీర్చుటకు తాను వంతెన క్రింద పరుండెననియు కథ. కథ చక్కనిది. కాని యుద్ధము 1918లోనే ముగిసినది. అదిగాక, హెరాల్డు కత్‌బర్టు మార్వుడు అను ఇంజనీరు సింహళములో ఒక కాంక్రీటు రైలు వంతెన నిర్మాణమును గూర్చి వ్రాసిన వ్యాసమును అచ్చటి ఇంజనీర్ల సంఘము 1923లో ప్రకటించినది. ఉక్కు లేక గత్యంతరము లేని తొందరలో పుట్టిన కట్టడము కాదిది; లెక్క వేసి గీసిన కట్టడమని మా తలంపు. అంతమాత్రమున అప్పుహామి కల్పితుడనరాదు. పని చేయించిన మేస్త్రీ పేరు కాగితమున కెక్కక, జనుల నోట నిలుచుట మన దేశపు కోటలకు, చెరువులకు సయితము జరిగినదే.

దెమోదరలోను ఇట్టి కథయే. అచ్చట రైలుమార్గము స్టేషనును విడిచి, కొండను చుట్టి వచ్చి, సొరంగము గుండ అదే స్టేషను క్రిందుగా పోవును. ఆ పల్లమును దింపుటెట్లో తోచక ఇంజనీరు చింతించుచుండగా, ఒక తోట కంగాణి తన తలపాగాను విప్పి మరల చుట్టుకొనుట చూచి ఉపాయము స్ఫురించెనట! ఆ కంగాణి తమిళుడందురు. ఈ రెండు కథలలోను జనులు కోరినదొక్కటే: ఈ పనిలో మా వారి బుద్ధియు కలదని చెప్పుకొనుట.

ఈ మార్గమునకు బ్రదుకునిచ్చిన తోటకూలీలకు మాత్రము అట్టి కథయైనను దక్కలేదు. వారు మద్రాసు రాజధాని దక్షిణ జిల్లాలనుండి కంగాణీల వెంట సముద్రము దాటినవారు. తమిళులే మిక్కిలి, తెలుగువారును కొలదిగ నుండిరి. మొదటి తరములవారు మన్నారు తీరమున దిగి అడవిదారిని మాతలె వరకు నడిచిరి. త్రోవలో విషూచికి, జ్వరములకు చచ్చినవారెందరో. 1914లో ధనుష్కోటికి, తలైమన్నారునకు నడుమ ఓడయు, ఇరువైపుల రైలును ఏర్పడిన పిదప ఆ నడక తప్పినది. వారు కోసిన యాకు ఈ వంతెన మీదుగానే కొలంబోకు పోయినది. వారికి బియ్యము దీని మీదుగానే వచ్చినది.

1948లో స్వతంత్రసింహళము చేసిన పౌరసత్వచట్టము వీరిలో ఇంచుమించు 7 లక్షల మందిని ఏ దేశమునకు చెందనివారినిగా చేసినది. 1964 అక్టోబరులో శాస్త్రి, సిరిమావో బండారనాయకలు చేసికొన్న ఒడంబడికలో 9,75,000 మందిని పంచిరి: 5,25,000 మంది భారతమునకు, 3,00,000 మంది సింహళమునకు, మిగిలిన లక్షన్నరను 1974లో చెరిసగము. ఊవా తోటలనుండి ఇట్లు వెడలగొట్టబడినవారు బదుళ్ల రైలెక్కి ఈ తొమ్మిది కమానుల మీదుగ పోయిరి. స్టేషనులలో పోవువారును, నిలిచినవారును పీనుగుపై వలె ఏడ్చెడివారట. అందుచే ఆ బండికి తోటలవారు ‘ఒప్పారి కోచ్చి’ యని పేరిడిరి. ఒప్పారి యనగా చావునాటి శోకగీతము. కోచ్చి యనునది రైలుకు సింహళభాషనుండి వారు తెచ్చుకొన్న మాట. నేడు వంతెనపై నిలిచి ఛాయాపటములు తీయించుకొను యాత్రికులకు ఈ పేరు చెప్పువారెవరును మాకు కానరాలేదు. అచ్చట అప్పటికిని పౌరసత్వము లేక మిగిలిపోయిన వారికి దానినిచ్చు చట్టము 2003లో వచ్చినది.

తిరిగివచ్చిన వారికై అప్పటి మద్రాసు ప్రభుత్వము 1968లో నీలగిరులయందు తేయాకు తోటలు వేయ మొదలిడెను; అదియే పిమ్మట టాన్‌టీ అను సంస్థయైనది. ఒక తేయాకు కొండనుండి మఱియొక తేయాకు కొండకు వారి కాపురము మారినది. కోతగిరి చెంత మేము మాటాడిన వృద్ధురాలొకతె బాల్యమున బదుళ్ల తోటలో ఆకు కోసినది. ఆమెకు వంతెన జ్ఞాపకమున్నది గాని దాని పేరు తెలియదు. రైలును ఇప్పటికిని కోచ్చి యనుచున్నది. నీలగిరులలో పుట్టిన మనుమడు ఆ మాటకు అర్థమేమని మా యెదుటనే ఆమెనడిగెను.