మోటారు దీపము కథ: వెలుగు ఎక్కడ తరిగిపోవుచున్నది?

మోటారు బండి పుట్టిన తొలి దినములలో చీకటి పడిన తరువాత దానికి బయట పని అంతగా లేకుండెను. గుర్రపు బగ్గీలకు కట్టెడి క్రొవ్వొత్తి లాంతరునో, కిరసనాయిలు దీపమునో దానికిని తగిలించిరి. ఆ దీపములు దారిని చూపుటకు కాదు. బండి వచ్చుచున్నదని ఎదుటివారికి తెలుపుటకే. వేగము హెచ్చినకొలది ఆ ఏర్పాటు చాలకపోయెను. నేటికిని పాత చిన్న కారు గలవారు తరచుగా చెప్పుకొను మాట యొకటి కలదు: "బండి బాగుగనే నడచును గాని, రాత్రివేళ దీపములు మినుకుమినుకుమనును." ఈ మాట వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది. దానిని తెలిసికొన్నచో రోగమునకు మందు కూడ అందులోనే దొరకును.

1892లో అమెరికాలో టామస్ విల్సన్ అను నతడు విద్యుత్ కొలిమిలో కాల్షియము కార్బైడును చౌకగా తయారుచేయు మార్గము కనుగొనెను. రాయివలె నుండు ఆ పదార్థముపై నీటి బొట్లు పడినంతనే ఎసిటిలీన్ వాయువు పుట్టును; అది తెల్లని వెలుగుతో మండును. తిరునాళ్ళ అంగళ్ళలో కార్బైడు దీపము చూచిన పెద్దలకు దాని ఘాటైన వాసన నేటికిని గుర్తుండును. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో మోటారు కార్లకు ఇదియే ప్రధాన దీపమయ్యెను. గాలివానలను కిరసనాయిలు దీపముకంటె బాగుగ తట్టుకొనెడిది. అయినను ప్రయాణమునకు ముందు కార్బైడు నింపవలెను, నీరు పోయవలెను, బండి దిగి అగ్గిపుల్ల గీయవలెను.

విద్యుద్దీపము అప్పటికే ఇండ్లలో వెలుగుచుండెను. 1898లో అమెరికాలోని కొలంబియా విద్యుత్ కారునకు దానిని అమర్చిరి కూడ. కాని ఆనాటి కర్బన తంతువు కుదుపులకు తెగిపోవుచుండెను. మామూలు పెట్రోలు బండిలో దీపమునకు కావలసిన విద్యుత్తును పుట్టించు సాధనమును లేదు. 1910 నాటికి విలియం కూలిడ్జ్ టంగ్‌స్టన్ లోహమును సన్నని తీగగా లాగు ఉపాయము సాధించెను. 1912 నమూనా కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ బృందము డైనమోను, బ్యాటరీని, స్టార్టరును, దీపములను ఒకే ఏర్పాటుగ కూర్చెను. అంతటితో అగ్గిపుల్ల పని తీరిపోయెను.

వెలుగు పెరుగగనే క్రొత్త చిక్కు వచ్చెను. దీపము వెనుక పరావలయాకారమున తీర్చిన అద్దపు గిన్నె యుండును. దాని నాభి యందు తంతువు నుంచినచో కిరణములు సూటిగా దూరము సాగును. తన దారి స్పష్టముగ కనబడుట ఒకరికి మేలు. ఎదుట వచ్చువారికి అదియే కన్నులు చెదరగొట్టు శిక్ష. కొందరు దీపమునే మీటతో క్రిందికి వంచిరి. 1920లలో ఐరోపాలో ఒకే బల్బులో రెండు తంతువుల నమర్చు పద్ధతి వచ్చినది. ఒకటి దూరమునకు, రెండవది దగ్గరకు. ఫ్రాన్సు దేశము 1936లో పసుపు పచ్చని దీపమే యుండవలెనని శాసించి, 1993 వరకు ఆ నియమమును పాటించెను. మన దేశమున ఒకప్పుడు దీపపు అద్దముపై కొంత భాగమునకు నల్లరంగు పూయుట వాడుకగ నుండెను. మార్గములు వేరైనను అందరి ఉద్దేశ మొక్కటే: నా వెలుగు నీ కంటికి చీకటి కారాదు.

మరియొక శత్రువు తుప్పు. తొలినాటి గిన్నెలకు వెండిపూత యుండెడిది. గాలిలోని గంధకపు పాలు తగిలి ఇంటిలోని వెండి చెంబు నల్లబడునట్లే అదియు నల్లబడుచుండెను. అందుచే అమెరికాలో 1939లో గిన్నెను, తంతువును, అద్దమును ఒకే మూసిన గాజుబుడ్డిగ చేసిరి. దానినే సీల్డు బీమ్ అందురు. 1962లో ఐరోపాలో హాలోజన్ బల్బు కార్లకు వచ్చెను. రెండు తంతువుల హెచ్-4 హాలోజన్ బల్బు 1971లో వెలువడెను.

ఇక చిన్న కారు విషయమునకు వత్తము. ఉదాహరణకు జర్మనీలో పుట్టి, 2003 జూలై 30న మెక్సికోలో తుది బండి వెలువడు వరకు 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైన ఫోక్స్‌వాగన్ బీటిల్‌ను తీసికొందము. 1960ల మధ్యభాగము వరకు దానికి 6 వోల్టుల విద్యుత్తే యుండెను. 45 వాట్ల దీపము 6 వోల్టులపై వెలుగవలెనన్న ఏడున్నర ఆంపియర్ల ప్రవాహము కావలెను. 12 వోల్టులపై అందులో సగమే చాలును. ప్రవాహము హెచ్చినకొలది తీగలలోను, మీటలలోను వృథాయగు వోల్టేజి కూడ హెచ్చును. తుప్పు పట్టిన కలయికల వలన త్రోవలో ఒక ఓములో పదియవ వంతు నిరోధ మేర్పడిన దనుకొందము. 6 వోల్టుల బండిలో దీపమునకు చేరవలసిన వోల్టేజిలో సుమారు తొమ్మిదవ వంతు త్రోవలోనే పోవును. 12 వోల్టుల బండిలో పోవునది నూటికి మూడు వంతులే.

తొమ్మిదవ వంతే గదా యని తోచవచ్చును. కాని తంతువు వేడి తగ్గినకొలది వెలుగు అంతకంటె ఎక్కువగ పడిపోవును. ఆ తొమ్మిదవ వంతు లోపమునకు కాంతిలో సుమారు మూడవ వంతు నష్టము. పొలమునకు నీరు చాలుటలేదని చెరువును నిందింతుము. నీరేమో కాలువ గండ్లలో ఇంకిపోవుచుండును. పాత కారు దీపము సంగతి తరచుగా ఇట్టిదే.

కావున బాగుచేయుటకు ఒక క్రమము కలదు. బల్బు కొనుటకు ముందు బండిని నడిపించుచు, దీపములు వెలుగుచుండగ, బ్యాటరీ వద్దను, దీపము వద్దను వోల్టేజి కొలిపింపవలెను. రెంటికిని తేడా హెచ్చుగ నున్నచో కలయికలను, ఫ్యూజు కొనలను, ముఖ్యముగ ఎర్తు తీగ బిగించిన చోటును గీకి శుభ్రము చేయవలెను. అప్పటికిని చాలకున్న రిలే అమర్చవలెను. అనగా దీపపు బరువైన ప్రవాహము డ్రైవరు ముందున్న మీట వరకు చుట్టుతిరుగక, బ్యాటరీ నుండి లావు తీగలో, ఫ్యూజు ద్వారా, తిన్నగ దీపమునకు చేరును. మీట రిలేకు ఆజ్ఞ మాత్రమిచ్చును. పిమ్మట మాసిన గిన్నెను మార్చవలెను. చివరకు సమతలమున గోడ యెదుట బండి నిలిపి దీపముల గురి సరిచూపవలెను.

ఈ క్రమమును విడిచి, ఏకముగ హెచ్చు వాట్ల బల్బు తగిలించువారు కలరు. సన్నని పాత తీగలు వేడెక్కి, పట్టుకొమ్ము కరగి, మంటకు దారితీయవచ్చును. మరికొందరు పాత గిన్నెలోనే ఎల్ఈడీ బల్బు నమర్చుదురు. ఆ గిన్నె తంతువు కొరకు లెక్కకట్టినది. వెలుగు పుట్టు స్థానము, దాని ఆకారము మారినచో కిరణములు చెదరి, దారిపై పడవలసిన కాంతి ఎదుటివారి కన్నులలో పడును. చూచుటకు తెల్లగ మెరయును; పని మాత్రము చెడును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. అడ్డము చూచి బ్రేకు నొక్కుటకు సెకనున్నర పట్టినచో, బండి పూర్తిగ ఆగులోపల పొడి రోడ్డుపై సుమారు 45 మీటర్లు సాగును. దీపము 30 మీటర్లే చూపునపుడు ఆ తక్కిన దూరములో లాంతరు లేని ఎడ్లబండి యుండవచ్చును. సంత నుండి ఇంటికి మరలుచున్న తల్లీ బిడ్డలు ఉండవచ్చును. వెలుగు తరిగినపుడు వేగమును తగ్గించుకొనుట తప్ప వేరు దారి లేదు.

మోటారు దీపపు చరిత్రలో ప్రతి తరమును రెండు ప్రశ్నలు వేసికొన్నది: నాకు దారి కనబడుచున్నదా? ఎదుటివాని దారిని నేను చెరచుచున్నానా? పాత బండి దీపమును బాగుచేయించు గృహస్థుడును రెంటికిని అవునని, కాదని వరుసగ చెప్పగలిగిన నాడే ఆ పని పూర్తియైనట్లు మేము భావింతుము.