రంగం వెళ్ళిన తెలుగువారు: వలస చట్టము మారినప్పుడు

కోరంగి, కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్నము, కళింగపట్నము రేవులలో ఓడ ఎక్కి బంగాళాఖాతము దాటిన మన పూర్వికులు తాము చేరిన పట్టణమును "రంగం" అన్నారు. అక్కడివారు వీరిని రేవు పేరుతో "కోరంగీలు" అన్నారు. బర్మా తెలుగువారి కథకు మన సంఘ చరిత్రలలో తగినంత చోటు దొరకలేదు. ఈ వ్యాసములో మేము ఆ కథను ఒక్క ప్రశ్నతో పరిశీలించదలచాము. ఒక దేశము తన వలస విధానమును మార్చుకొన్నప్పుడు, అప్పటికే అక్కడ బ్రతుకుచున్న మనిషికి ఏమి జరుగుతుంది?

1. హద్దులేని కాలము

1937 ఏప్రిల్ 1 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రము. శ్రీకాకుళము మనిషి రంగూన్ వెళ్ళుట మద్రాసు వెళ్ళినట్లే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకొని, ఆ అప్పు తీరువరకు రేవులోను, బియ్యపు మిల్లులలోను, పారిశుద్ధ్యపు పనిలోను శ్రమించి, కొన్ని సంవత్సరాలకు ఇంటికి వచ్చి, మరల వెళ్ళేవారు. వారిలో స్త్రీలు చాలా తక్కువ. 1931 జనాభా లెక్కల ప్రకారము బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉండగా, రంగూన్ నగర జనాభాలో వారు సగానికి మించియున్నారు.

సువార్త కూడ ఈ దారినే నడిచింది. కెనడా బాప్టిస్టు మిషను పక్షాన మొదట మన ఉత్తర కోస్తాలో పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తరువాత బర్మా వెళ్ళి, అక్కడి తెలుగు, తమిళ వలసదారుల మధ్య సేవ చేశారు.

అయితే ఈ స్వేచ్ఛను ఉన్నదానికంటె గొప్పగా చిత్రించరాదు. తలుపు తెరచి ఉంచినది చౌకగా కూలీలు కావలసిన పాలకులు, కంపెనీలు. బర్మీయులను ఎవరూ అడుగలేదు. ఆర్థిక మాంద్యము వచ్చేసరికి ఆ కోపము కూలివాని మీద పడింది. 1930 మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు జీతము పెంచమని సమ్మె చేయగా యజమానులు బర్మీయులను పనిలో పెట్టారు. సమ్మె తీరగానే వారిని పంపివేశారు. మే 26న మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగువారే.

2. సంవత్సరములు లెక్కించిన చట్టము

1937లో బర్మా విడిపోయినను కొంతకాలము రాకపోకలు పూర్వమువలెనే సాగాయి. వలసపై విచారణకు నియమింపబడిన జేమ్స్ బాక్స్టర్, భారతీయ కూలీలు బర్మీయుల పనిని లాగుకొన్నారనుట కంటె దానికి తోడైనారనుటయే సరియని తేల్చాడు. అయినను రాజకీయ ఒత్తిడి వేరొక దిక్కున నడిచింది. 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వాలు కుదుర్చుకొన్న ఒప్పందము పర్మిట్లను, రుసుములను ప్రవేశపెట్టింది. ఆ జూలైలోనే నైపుణ్యము లేని కూలీల ప్రవేశము నిలిపివేయబడింది. గాంధీ ఈ ఒప్పందమును విమర్శించాడు.

అది పూర్తిగా అమలుకాకముందే యుద్ధము వచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూన్‌పై జపాను బాంబులు పడ్డాయి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు బర్మా విడిచారు. వారిలో అత్యధికులు కొండదారులలో నడిచారు. వేలాదిమంది దారిలోనే కన్నుమూశారు. బ్రతికినవారు తిరిగి వెళ్ళబోతే 1947 నాటి అత్యవసర వలస చట్టము పర్మిట్టు అడిగింది.

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైనది. నూతన రాజ్యాంగము వలసవచ్చినవారికి ఒక మార్గము చూపింది. 1942 జనవరి 1కి గాని, స్వాతంత్ర్య దినమునకు గాని ముందున్న పది సంవత్సరములలో ఎనిమిది సంవత్సరములు అక్కడ నివసించి, ఇకను నివసింపగోరినవారు పౌరసత్వమును ఎన్నుకొనవచ్చును. యుద్ధములో పారిపోయినవారిని దృష్టిలో ఉంచుకొనిన నిబంధన ఇది. దానిలో న్యాయము లేదని మేము అనము. కాని వచ్చుచు పోవుచుండుటయే బ్రతుకుగా గల తెలుగు కూలీకి ఈ లెక్క కుదిరేదికాదు. కుదిరినను రుజువు కావలెను. చదువురాని మనిషి, అడవిదారిలో మూట కూడ పోగొట్టుకొన్న మనిషి, ఏ కాగితము తేగలడు?

3. దుకాణము పోయిన దినము

1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారము చేజిక్కించుకొన్నాడు. 1964లో దుకాణములు జాతీయము చేయబడ్డాయి. మే 17న 50, 100 చాట్‌ల నోట్లు రద్దయ్యాయి. ఇవి పేరుకు ఆర్థిక చట్టములే. కాని వ్యాపారమును, ఉద్యోగమును పోగొట్టుకొన్న పరదేశికి ఇవే వెళ్ళగొట్టు చట్టములయ్యాయి. తరువాతి కొన్ని సంవత్సరములలో సుమారు 3 లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. సంపాదించిన సొమ్మును, నగలను వెంట తెచ్చుకొననీయలేదు. మద్రాసులో బర్మా బజారు, విశాఖలో బర్మా క్యాంపు అను పేర్లు ఆ రాకకు గుర్తులు.

మిగిలినవారి మీదికి 1982 పౌరసత్వ చట్టము వచ్చింది. 1823కు ముందే స్థిరపడిన జాతులను మొదటి వరుసలో నిలిపి, ఇతరులకు సహ పౌరులు, దేశీయీకరణ పొందిన పౌరులు అను క్రింది తరగతులు ఏర్పరచింది. తాతకాలము నుండి అక్కడే పుట్టి పెరిగినవాడు కూడ తన పూర్వికుని రాక తేదీని చూపించవలసినవాడయ్యాడు.

4. మన సేవకు దీనితో ఏమి పని?

ఒకే మనిషి జీవితకాలమును తలంచండి. 1920లో వెళ్ళినవాడు స్వదేశములోనే ఊరు మారినవాడు. 1941లో అతడు వలసదారుడు, 1948 తరువాత దరఖాస్తుదారుడు, 1964లో కాందిశీకుడు. అతని పని మారలేదు, గుణము మారలేదు. మారినది అతని పేరుకు ముందు రాజ్యము వ్రాసిన మాట. నిర్గమకాండములో ఇశ్రాయేలీయులకు జరిగినదియు ఇదే. ఒక ఫరో కాలములో ఆహ్వానితులుగా వచ్చిన కుటుంబము, యోసేపు సంగతి తెలియని వేరొక ఫరో కాలములో అనుమానితులైరి. ధర్మశాస్త్రము పరదేశిని గూర్చి మాటలాడునప్పుడు తరచుగా ఐగుప్తును జ్ఞాపకము చేయుట అందుకే.

కొత్త దేశమునకు తన తలుపును గూర్చి నిర్ణయించుకొను హక్కు కలదు. 1930లో సమ్మె తీరగానే పంపివేయబడిన బర్మీయ కూలీ బాధయు నిజమే. అయితే తలుపు మూయుట వేరు, లోపల ఉన్నవానిని పరాయివానిగా చేయుట వేరు. ఈ భేదమును సంఘము గుర్తెరిగి బోధించవలెను. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుని ప్రకటన కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు విధించినప్పుడు మన సంఘ కుటుంబములెన్నో కలవరపడ్డాయి. మన పట్టణములకు పనికివచ్చిన ఒడిశా, బీహారు కూలీలను గూర్చి మనము మాటలాడు తీరును కూడ ఆ కలవరము పరీక్షించవలెను.

చివరిగా ఒక మనవి. చట్టము కాగితము అడుగుతుంది. పేదవాని పేరు, తేదీ, ఊరు శ్రద్ధగా వ్రాసి భద్రపరచు చోట్లలో సంఘము ఒకటి. బాప్తిస్మపు రిజిస్టరును, వివాహ రిజిస్టరును, సభ్యత్వ బదిలీ పత్రమును సేవకులు చిన్న విషయముగా ఎంచరాదు. ఉత్తర కోస్తా సంఘములలోని సహోదరులు రంగం నుండి తిరిగివచ్చిన కుటుంబములను దర్శించి, వారి జ్ఞాపకములను, వారి వద్ద మిగిలిన పత్రములను నమోదు చేయవలెనని కోరుచున్నాము. ఆ తరమువారు ఇప్పుడు వృద్ధులు. ఈ పని ఆలస్యము చేయదగినది కాదు.