రొయ్య పెంకు మీద తెల్లమచ్చ: 1994లో మన చెరువులకి ఏమైంది?

ఇవాళ పంజాగుట్టలోనో అమీర్‌పేట్‌లోనో మీరు తినే చెరువు రొయ్య చాలావరకు వనామి. ముప్పై ఏళ్ల కిందట అయితే టైగర్ రొయ్య. ఈ మార్పు వెనక ఒక వైరస్ ఉంది.

1990ల మొదట్లో కోస్తాలో టైగర్ రొయ్యంటే డాలర్ల పంట. నెల్లూరులో కండలేరు క్రీక్ పక్కన, గోదావరి జిల్లాల్లో జనం అప్పు చేసి మరీ చెరువులు తవ్వారు. 1992లో తైవాన్‌లో, 1993లో జపాన్‌లో కనిపించిన కొత్త జబ్బు 1994లో మన దగ్గరికి వచ్చేసింది.

పొద్దున్నే చూస్తే రొయ్యలు మేత మానేసి, నీరసంగా గట్టు పక్కకి చేరేవి. ఒకటి తీసి తలపెంకు ఊడదీస్తే లోపలివైపు తెల్ల చుక్కలు. రుద్దినా పోవు. ఆ తర్వాత 3 నుంచి 10 రోజుల్లో చెరువు దాదాపు ఖాళీ. రొయ్య పోయింది, అప్పు మిగిలింది.

అసలు ఆ మచ్చ ఎందుకొస్తుంది? పెంకు కింద పలుచటి చర్మపు పొర ఒకటుంటుంది. పెంకుని తయారుచేసేది అదే. వైరస్ ఆ పొర కణాల్లోకి దూరి వాటిని పాడుచేస్తుంది. దాంతో కాల్షియం సరిగ్గా సర్దుకోక అక్కడక్కడా పేరుకుపోతుంది. అదే తెల్లమచ్చ. పెంకు కూడా వదులైపోతుంది. ఈలోపు వైరస్ మొప్పల్లో, పొట్టలో కూడా పని కానిచ్చేస్తుంది. స్క్రీన్ మీద ఎర్రర్ కనిపించేసరికి సర్వర్ ఎప్పుడో పడిపోయినట్టు!

పైగా ఒక రైతు నీళ్లు వదిలేది క్రీక్‌లోకే, పక్క రైతు తోడుకునేదీ ఆ క్రీక్ నుంచే. పీతలు కూడా ఈ వైరస్‌ని మోస్తాయి. హ్యాచరీలకి తెచ్చే తల్లి రొయ్యలేమో సముద్రంలో పట్టినవి. వాటిలో వైరస్ ఉన్నా పైకి తెలియకపోవచ్చు. అంటే కొన్న సీడ్‌తోనే జబ్బు చెరువులోకి దిగిపోవచ్చన్నమాట.

వచ్చాక నయం చేసే మందు లేదు. అందుకే చూపు పెంకు మీద నుంచి సీడ్ మీదకి మారింది. చెరువులో వదిలేముందే సీడ్‌కి పీసీఆర్ టెస్ట్ చేయించడం మొదలైంది. కరోనా టైమ్‌లో మనం ముక్కులో పుల్ల పెట్టించుకుని చేయించుకున్నామే, దాని చుట్టమే ఇది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామికి అనుమతిచ్చారు. విదేశాల నుంచి తెచ్చిన తల్లి రొయ్యల్ని చెన్నై క్వారంటైన్‌లో పరీక్షించాకే హ్యాచరీలకి పంపుతారు.

అలాగని వనామికి తెల్లమచ్చ రాదనుకోకండి, వస్తుంది. వైరస్ లేని సీడ్ అంటే వైరస్ సోకని సీడ్ కాదు. నీళ్లలో, పీతల్లో అది ఇంకా ఉంది.

మనుషులకి మాత్రం ఈ వైరస్ సోకదు, కాబట్టి హాయిగా తినండి. కాకపోతే, ల్యాబ్ రిపోర్ట్ చూడకుండా సీడ్ కొనకూడదన్న పాఠానికి ఫీజు కట్టింది మాత్రం 1994 నాటి రైతులే. మీ ఇంట్లో ఆ రోజులు చూసినవాళ్లుంటే అడిగి, కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం!