సౌగాత్

ఉదయగిరి చరిత్ర అనగానే అందరూ కోట దగ్గర మొదలుపెడతారు. గజపతుల నుంచి కృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్నాడనీ, తర్వాత గోల్కొండ సుల్తానులు వచ్చారనీ చెబుతారు. కొండమీది మసీదులు చూపించి, మమ్మల్నందర్నీ ఆ గుర్రాల వెంట దిగినవాళ్లలో కలిపేస్తారు. ఇక్కడి జాగీర్దారు అబ్బాస్ అలీఖాన్ మీద 1839లో కుట్ర నేరం మోపి కుంపిణీ వాళ్లు జాగీరు లాక్కున్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. అయినా గుర్రాలూ జాగీర్లూ మావాళ్లలో ఎంతమందికి ఉన్నాయి గనక? దూదేకి, బట్టలు కుట్టి, చెక్క చెక్కి బతికిన జనం. వీళ్ల చరిత్ర శాసనాల్లో దొరకదు. పరదేశం పోయినవాళ్లు ఇంట్లో పిల్లలకు ఏం తెచ్చారో అడిగితే కొంత దొరుకుతుంది.

ఉర్దూలో తోఫా వేరు, సౌగాత్ వేరు. తోఫా ఉన్న ఊళ్లోనే కొని ఇవ్వొచ్చు. ప్రయాణం నుంచి తెచ్చేదే సౌగాత్. అది తుర్కీ మాట. మమ్మల్ని తురకలంటారు గాని, మా ఇళ్లలోకి తుర్కీ నుంచి వచ్చినవి ఇలాంటి కొన్ని మాటలే.

మొదట్లో సౌగాత్ అంటే హజ్ నుంచి వచ్చేది. బొంబాయి నుంచి జిద్దాకు ఓడలు 1995 దాకా నడిచాయి. హాజీ తిరిగొస్తే జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు, తస్బీలు, టోపీలు వచ్చేవి. పిల్లలకు ప్లాస్టిక్ కెమెరా లాంటి బొమ్మ వచ్చేది. కన్ను ఆనించి మీట నొక్కితే మక్కా, మదీనా బొమ్మలు ఒకటొకటిగా మారేవి. ఖర్జూరాలు తబర్రుక్ గనక లెక్కపెట్టి అందరికీ పంచాలి. ఇంటి పిల్లాడికి ఎన్నో పక్కింటి రెడ్డిగారి పిల్లాడికీ అన్నే.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. కడప జిల్లా వాళ్లతోపాటు ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచీ మగవాళ్లు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా, దర్జీలుగా కువైట్ పోయారు. ఆడవాళ్లు ఖద్దామాలుగా అరబ్బుల ఇళ్లలో పనికి పోయారు. దాంతో సౌగాత్‌లో హెచ్చుతగ్గులు వచ్చాయి. సొంత కొడుక్కి టూ ఇన్ వన్, భాంజాకి వాచీ, ఫుప్పు పిల్లలకు హీరో పెన్నులు, దూరపు చుట్టాలకు టైగర్ బామ్. ఎవరికి ఏం వచ్చిందో దాన్నిబట్టి బంధుత్వం ఎంతో తేలేది. కువైట్‌లో మాలియా బజారుకు శుక్రవారం పోయి ఒక్కొక్కటీ కొనేవాడికి ఇదంతా తెలుసు. ఎవర్ని మరిచినా ఊళ్లో ఏళ్ల తరబడి మాట పడాలి.

కొలతల తంటా ఇంకోటి. రెండేళ్లకో మూడేళ్లకో వచ్చేవాడి కళ్లలో పిల్లాడు బయల్దేరిన రోజున ఎంత ఉన్నాడో అంతే ఉంటాడు. అందుకే చొక్కాలు బిగుతు. తెలివైన తల్లులు దారంతో ఛాతీ కొలిచి, ఆ దారాన్ని ఉత్తరంలో పెట్టి పంపేవారు. చెప్పుల కోసం కాగితం మీద పాదం గీసి పంపేవారు. ఆ దారమూ కాగితమూ చేరి, సరుకు కొని, సెలవు దొరికి మనిషి ఇల్లు చేరేసరికి ఏడాది తిరిగేది.

ఖద్దామాల సంగతి వేరే చెప్పాలి. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, బజారుకు పోవాలంటే అతని అనుమతి. కొనే వీలు ఎక్కడిది? యజమానురాలి పిల్లలు ఆడి వదిలేసిన బొమ్మలు, పొట్టివైపోయిన గౌన్లు ఉతికి మడిచి దాచుకుని తెచ్చేవారు. తన పిల్లను నానీ దగ్గర వదిలి, అక్కడి పిల్లను ఎత్తుకు పెంచి, ఆ పిల్ల గౌను తెచ్చి తన పిల్లకు తొడిగిన తల్లులు మా వీధుల్లో ఉన్నారు. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లను ఇంటిపనికి పంపకూడదని తర్వాత సర్కారు నిబంధన పెట్టింది. రక్షణ కోసమే కావచ్చు. కాని ముప్పై నిండిన మనిషికి ఇంట్లో పిల్లలుంటారని ఆ నిబంధన రాసినవాళ్లకు తోచిందో లేదో!

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. దినార్లు చిత్తుకాగితాలయ్యాయి. లక్షమందికి పైగా భారతీయులు జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి ఎయిరిండియా విమానాల్లో తిరిగొచ్చారు. పెట్టెలు దారిలోనే పోయాయి. 1991 ఏప్రిల్‌లో రంజాన్ పండుగ వచ్చింది. ఈదీ కోసం చెయ్యి చాచిన పిల్లలకు పావలా బిళ్లలిచ్చిన చిచ్చాలు, ఏడాది కిందట వాచీలు పంచినవాళ్లే.

ఆ తర్వాతిది చేదు. 1992 డిసెంబరు 6 నాటికి గల్ఫ్ డబ్బు అనేది నిందగా మారిపోయింది. కువైట్‌కు మా పక్కనే మాలలు, బలిజలు, రెడ్లు కూడా పోయారు. ఒకే బజారులో ఒకే రకం కంబళ్లు కొన్నారు. వాళ్ల కంబళి కష్టార్జితం, మాది పెట్రో డాలర్! ఆత్మకూరు బస్టాండులో అట్టపెట్టె దింపుకున్న సాయిబును అందులో ఏముందని అడిగినవాళ్లు, అదే బస్సు దిగిన ఇంకొకర్ని అడగలేదు. అందులో ఉన్నది పాలపొడి, పిల్లల జోళ్లు.

ఇప్పుడు ఆ సరుకంతా నెల్లూరులోనే దొరుకుతుంది. దొరకనిదే తేవాలి గనక కొత్త సౌగాత్‌లు వచ్చాయి. పసిపిల్లలకు నల్ల అబాయాలు, 2003లో అరబ్బు దేశాల్లో అమ్మకానికొచ్చిన హిజాబు బొమ్మ ఫుల్లా. ప్రేమతోనే తెస్తారు, కాదనను. కాని ఆ బొమ్మ వేషం దమాస్కస్‌ది, కువైట్‌ది. మా దాదీ పూల చీర కొంగు తలమీద కప్పుకుని నమాజు చదివింది, ఆమె ముసల్మానుతనంలో లోటేముంది? ఉర్దూ వాచకమో తెలుగు కథల పుస్తకమో పెట్టెలో పెట్టుకొచ్చినవాళ్లు నాకైతే కనపడలేదు.

ఈమధ్య కువైట్‌లోనే పుట్టి పెరుగుతున్న పిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఇక్కణ్ణుంచి పంపాల్సి వస్తే మావాళ్లకు ఊరగాయ, సున్నుండలు తప్ప తోచడం లేదు. ఉదయగిరిలో దిలావర్‌భాయి వీధి ఉంది. దుర్గం కొండల్లో దొరికే నర్ది, బిక్కి కర్రతో అక్కడి ముస్లిం కుటుంబాలు గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కుతాయి. దానికి జి.ఐ. గుర్తింపు వచ్చింది, లేపాక్షి దుకాణాల్లో పై ఊళ్లవాళ్లు కొంటున్నారు. ఆడవాళ్లూ ఈ పనిలో ఉన్నారు. అక్కడి పిల్లకు ఒక దువ్వెన పంపితే పెట్టె బరువేమీ పెరగదు. దాన్ని చెక్కిన చేతులు బహుశా ఆమె ఖాలావే అయ్యుంటాయి.